మూడు గాదెలు, ఒక్క కూపన్

పోయిన వారం నన్ను నేనే మా వంటింట్లో, చేతిలో గరిటెతో, నోరు తెరుచుకుని నిలబెట్టి వదిలేశాను. చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. నా పేరు ప్రేమజ్యోతి. మాది బాపట్ల. గుంటూరు జిల్లాలో ఎనిమిదేళ్ళు శాంపిల్ సర్వే కోసం ఇంటింటికీ తిరిగి లెక్కలు రాశాను. తర్వాత కెనడా వచ్చి, మార్కమ్‌లో ఒక ఫౌండేషన్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఒకటే పని చేస్తున్నాను. ఆఫ్రికా దేశాల ఆర్థిక పరిశోధన అక్కడివాళ్ళే చేసుకునేలా, వాళ్ళ ప్రభుత్వాలకు వాళ్ళే సలహా ఇచ్చేలా, అక్కడి పిల్లలకు శిక్షణ ఇప్పించడం ఆ పని. మలావీ దేశంలో జోంబా అనే ఊళ్ళో మేం పెట్టిన కేంద్రానికి సర్వే మాన్యువల్ రాసింది నేనే. మొన్నటి గురువారం మా బోర్డు కూర్చోవాల్సి ఉంది. ఆ కేంద్రానికి ఐదేళ్ళ నిధులూ పూర్తి అధికారమూ ఇవ్వాలా, లేక పరిశోధనంతా టొరంటో కన్సల్టెంట్లకు అప్పజెప్పి, జోంబా వాళ్ళను ఫారాలు నింపే పనికి సరిపెట్టాలా అన్నది ఆ రోజుతో తేలిపోవాలి. ఇదిలా ఉండగా దానికి ముందు శనివారం పొద్దున, ఫెలోషిప్ మీద వచ్చి మిల్టన్‌లో మా ఇంటి బేస్‌మెంట్‌లో ఉంటున్న జోంబా కేంద్రంలో సర్వే నడిపించే అమ్మాయి తమండా ఫిరి మెట్లెక్కి పైకొచ్చి, "మేడమ్, మీ మాన్యువల్‌లో నలభై ఒకటో పేజీ తప్పు" అంది.

నాకు ఒళ్ళు మండింది. దాచుకోవడమెందుకు? పంతొమ్మిదేళ్ళలో నా మాన్యువల్‌ని తప్పన్నవాళ్ళు లేరు. పైగా అది ఏదో మూలనున్న పేజీ కాదు. కుటుంబం అంటే ఏమిటో చెప్పిన పేజీ. "ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం" అని రాశాను. గుంటూరు జిల్లాలో నేను తిరిగిన ఊళ్ళన్నిటిలో అదే సూత్రం. అన్నదమ్ములు ఒకే కప్పు కింద ఉన్నా పొయ్యిలు వేరైతే కాపురాలు వేరే. మనకు వేరు పడటమంటేనే వేరు పొయ్యి పెట్టుకోవడం కదా.

తమండా కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక కాగితం నా ముందుకు తోసింది. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషే. మీకోసం తెలుగులో రాస్తున్నాను.

"మేడమ్, మా వైపు పెళ్ళయ్యాక ఆడపిల్ల అత్తారింటికి పోదు. అల్లుడే మా ఊరొస్తాడు. అందుకని అక్కాచెల్లెళ్ళ ఇళ్ళు పక్కపక్కనే ఉంటాయి. ఈ రోజు పెద్దక్క వండితే అందరి పిల్లలూ అక్కడే తింటారు. రేపు చిన్నక్క వండుతుంది. తిండి ఒకటే. కానీ ఎవరి పొలం వాళ్ళది, ఎవరి మొక్కజొన్న గాదె వాళ్ళది. మీ సూత్రం ప్రకారం మేం వాళ్ళను ఒక కుటుంబంగా రాశాం."

"అయితే ఏమైంది?" అన్నాను, గరిటె కింద పెట్టకుండా.

"జిల్లా వ్యవసాయ ఆఫీసు మన లిస్టు తీసుకునే కదా ఇంటికో ఎరువుల కూపన్ ఇస్తోంది? ఒకచోట ముగ్గురు అక్కాచెల్లెళ్ళ మూడు గాదెలకు ఒక్క కూపన్ వచ్చింది. అది పెద్దక్క పేరు మీద వస్తుంది. చిన్నావిడకు భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. పోయిన ఏడు ఆమె పొలంలో ఎరువు గింజ పడలేదు. అలాంటి ఊళ్ళు ఆరు చూశాను. మన లెక్కలో రెండు వందల పన్నెండు కుటుంబాలు. గాదెలు లెక్కపెడితే మూడు వందల నలభై ఒకటి."

నేను తగ్గలేదు. "ఆరు ఊళ్ళు చూసి జిల్లా మొత్తం తప్పంటావా? శాంపిల్ సైజు గురించి నీకు నేర్పింది ఎవరమ్మా?"

"మీరే. అందుకే మా వాళ్ళకు ఫోన్ చేసి ఇంకో ఆరు ఊళ్ళు చూపించాను" అంటూ రెండో కాగితం తీసింది. అదీ అంతే. లెక్క అక్కడా అలాగే తేడా కొట్టింది.

మా ఆయన నోవహు ఒషావా కార్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ఆర్థిక శాస్త్రం ఆయనకు ఆమడ దూరం. టీ తాగుతూ అంతా విని, తెలుగులో నాతో అన్నాడు. "ఆదివారం చర్చిలో నలభై మందిమి ఒకే గిన్నెలోంచి పెట్టుకుని తింటాం కదా జ్యోతీ. మనందరికీ కలిపి ఒక్క హెల్త్ కార్డు ఇస్తే ఊరుకుంటావా?"

అంతే. పంతొమ్మిదేళ్ళ మాన్యువల్ ఒక్క మాటతో కుప్పకూలింది. నేను స్టవ్ ఆపేసి కూర్చున్నాను. బాపట్ల పొయ్యిని మూటగట్టుకుని మలావీ దాకా మోసుకుపోయిన దాన్ని నేనే. అక్కడ ఆ పొయ్యి ఎలా వెలుగుతుందో అడగాలనే బుద్ధి నాకు పుట్టలేదు.

సోమవారం పొద్దున్నే నాలుగు వందల ఏడు హైవే మీద ఆఫీసుకు పోయి, తిన్నగా ఆంజనేయప్రసాద్ గారి గదిలోకి వెళ్ళాను. ఆయన మా రీసెర్చ్ డైరెక్టర్. కాకినాడ మనిషి. జోంబా కేంద్రం అసలు పుట్టిందే ఆయన మొండితనం వల్ల. వచ్చే ఏడు రిటైరవుతున్నారు. ఇద్దరమే ఉన్నప్పుడు తెలుగులోకి దిగుతాం. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. ఆయన లేచి తలుపు వేసి వచ్చారు.

"ఎవరికైనా చెప్పారా?"

"ఇంకా లేదండి. గురువారం బోర్డులో చెప్తాను."

"కూర్చోండి ముందు." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "జ్యోతి గారూ, మీరు తప్పు దాచే మనిషి కాదని నాకు తెలుసు. నేనూ దాచమనట్లేదు. డిసెంబర్ దాకా ఆగండి. నిధుల మీద సంతకాలు అయిపోనివ్వండి. ఆ తర్వాత మనమే రివిజన్ నోట్ ఒకటి తయారుచేసి పంపుదాం. ఈ వారం మాత్రం నోరు విప్పకండి."

"ఈ నెలాఖరుకి కూపన్ల లిస్టు క్లోజ్ అయిపోతుందండీ. నవంబర్‌లో వానలు. డిసెంబర్‌లో మనం నోట్ పంపితే ఏం చేసుకుంటారు? విత్తనాలు అప్పటికే వేసేసి ఉంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంటుంది."

"ఒక సీజన్ పోతుంది. నిజమే. కానీ కేంద్రం పోతే ఎన్ని సీజన్లు పోతాయో లెక్క వేశారా?" ఆయన గొంతు పెరిగింది. "మీకు తెలియదా ఆ బోర్డు సంగతి? టొరంటో కన్సల్టెంట్ తప్పు చేస్తే మెథడాలజీ ఇష్యూ అంటారు. జోంబా తప్పు చేస్తే కెపాసిటీ లేదంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఒక్క మాటతోనే నేను పోట్లాడుతున్నాను!"

"జోంబా చెయ్యలేదు. తప్పు నాది."

"సర్వే రిపోర్ట్ మీద ఎవరి పేరుంది?"

అట్ట మీద ఉన్నది జోంబా కేంద్రం పేరే. అది వాళ్ళ పేరు మీదే రావాలని అప్పట్లో పట్టుబట్టి వేయించింది కూడా నేనే. నా పేరు లోపలెక్కడో, కృతజ్ఞతల పేజీలో ఉంటుంది.

"పోనీ జిల్లా వాళ్ళకు మాత్రం గుట్టుగా చెప్దామండి" అన్నాను.

"లిస్టు మార్చాలంటే కేంద్రం లెటర్‌హెడ్ మీద ఉత్తరం పోవాలి. పోయిన గంటలో బోర్డుకు తెలుస్తుంది. అప్పుడు తప్పుతో పాటు దాచారన్న పేరు కూడా వస్తుంది." ఆయన నిట్టూర్చారు. "ఇంకోటి కూడా ఉంది. మీకు చెప్పకూడదనుకున్నాను."

కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పారు. పద్నాలుగు నెలల కిందటి ఈమెయిల్. తమండా నాకు రాసి, కాపీ ఆయనకు పెట్టింది. "మేడమ్, ఇక్కడ అక్కాచెల్లెళ్ళు కలిసి తింటారు గానీ పంటలు వేరు, గాదెలు వేరు. ఒక కుటుంబంగా రాయాలా, మూడుగా రాయాలా? దయచేసి చెప్పండి." దాని కింద జవాబు ఉంది. "మాన్యువల్ ప్రకారం వెళ్ళండి. పి.జె."

పి.జె. అంటే నేనే. ఆ ఉత్తరం వచ్చినట్టు గానీ, నేను జవాబిచ్చినట్టు గానీ నాకు లేశమైనా గుర్తు లేదు. రోజుకు అరవై మెయిళ్ళు చూస్తాను. ఒక పిల్ల దయచేసి చెప్పండి అని అడిగితే, ఆ అరవైలో ఒకటిగా తోసిపారేశాను. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"మీరు బోర్డులో నోరు విప్పితే వాళ్ళు ఫైల్ తెప్పిస్తారు. ఇది బయటికొస్తుంది" అన్నారు ఆంజనేయప్రసాద్ గారు, ఈసారి మెల్లగా. "బోర్డుకు మనం పెట్టిన ప్రపోజల్‌లో రెండేళ్ళ సలహాదారు పోస్ట్ మీ పేరు మీదే రాశాను. జోంబాలో ఉండాలని మీకెంత కోరికో నాకు తెలుసు. అదీ పోతుంది. నేను బెదిరించట్లేదమ్మా, జరగబోయేది చెప్తున్నాను."

ఆ పోస్ట్ గురించి మీతో అబద్ధమెందుకు ఆడాలి? నాకు అరవై ఒక్కటి నిండాయి. జోంబాలో ఉండటానికి ఇల్లు కూడా చూసుకున్నాను. నోవహుకు మలేరియా మాత్రల పేర్లు కంఠతా వచ్చేశాయి. పంతొమ్మిదేళ్ళు ఈమెయిళ్ళలో నడిపిన పనిని రెండేళ్ళు కళ్ళతో చూసుకోవాలని నాకు ప్రాణం కొట్టుకుపోయేది.

"ప్రసాద్ గారూ, మనం అక్కడ ఇన్నేళ్ళూ ఏం నేర్పామండీ?" అన్నాను. "లెక్క ఎవరు వేసినా మళ్ళీ సరిచూడమని నేర్పాం. గవర్నమెంట్ వేసినా, మాస్టారు వేసినా సరే. ఆ పిల్ల అదే చేసింది. నేర్పినావిడ లెక్కలోనే తప్పు పట్టింది. ఇంతకంటే కెపాసిటీ ఏం కావాలి ఆ బోర్డుకు? ఇప్పుడు మనం దాస్తే, ఆ పిల్లకు ఏం నేర్పినట్టు? అవసరమైతే మింగెయ్యమనా?"

"బోర్డు అలా చూడదు."

"చూసేలా చెప్తాను."

"చెప్పలేకపోతే?"

"చెప్పలేకపోతే కేంద్రం పోతుంది. చెప్పకపోతే ఆ చిన్నావిడ పంట ఖాయంగా పోతుంది. వరుసగా రెండో ఏడు. ఒకటి అనుమానం, ఒకటి ఖాయం. మీరే చెప్పండి."

ఆయన బల్ల మీది కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "నేను మిమ్మల్ని ఆపను. కానీ వెనకేసుకొస్తానని మాట ఇవ్వలేను" అన్నారు. ఆయన మీద కోపం రాలేదు. ఇరవై ఏళ్ళు ఒక పిల్లను పెంచినట్టు పెంచారు ఆ కేంద్రాన్ని. ఆ భయం నాకు అర్థమైంది. కానీ భయం అర్థమైనంత మాత్రాన దానికి తలవంచాలని లేదు.

మంగళ, బుధవారాలు నేనూ తమండా ఇంట్లోనే కూర్చుని పని చేశాం. జోంబాలో సర్వేకు వెళ్ళగలిగినవాళ్ళు ఇరవై రెండు మంది ఉన్నారు. ఫారమ్ మొత్తం మళ్ళీ నింపనక్కర్లేదు. ప్రతి పెరట్లోకీ వెళ్ళి "మీ గాదె ఏది?" అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు. పన్నెండు రోజుల్లో జిల్లా అంతా అయిపోతుంది. నెలాఖరుకు రెండు రోజులు మిగులుతాయి. ఆ ప్రశ్న ఎలా అడగాలో, మగవాళ్ళను కాకుండా ఆడవాళ్ళను అడగాలని, భర్త ఊళ్ళో లేకపోతే ఏం రాయాలో తమండాయే రాసింది. నేను రాయబోతే, "మేడమ్, ఇది నేను రాస్తాను" అని కీబోర్డ్ తన వైపు తిప్పుకుంది. నేను లేచి అన్నం వండాను.

గురువారం కార్లో అడిగేశాను. అడగకుండా బోర్డు గదిలో అడుగు పెట్టలేననిపించింది.

"పద్నాలుగు నెలల కింద నువ్వు రాసిన మెయిల్ చూశాను తమండా. శనివారం ఆ మాట ఎందుకు అనలేదు?"

ఎగ్జిట్ దగ్గర నేను బ్రేక్ వేసినప్పుడు ఆ పిల్ల చెప్పింది. "మీరు మాన్యువల్ ప్రకారం వెళ్ళమన్నారు కదా మేడమ్. నాదే తప్పనుకున్నాను. నేను చూసింది నిజమే అని నేను నమ్మడానికి ఏడాది పట్టింది."

"సారీ తమండా" అన్నాను. ఆమె తల ఊపింది. పర్లేదు అనలేదు. అనకపోవడమే న్యాయం.

బోర్డు గదిలో తొమ్మిది మంది ఉన్నారు. చైర్‌పర్సన్ మిసెస్ మెక్‌లియడ్ పాత బ్యాంకర్. నవ్వదు, అనవసరంగా మాట్లాడదు. టొరంటో కన్సల్టెంట్లకు పని అప్పజెప్పాలన్న ఆలోచన మొదట ఆమెదే. ఆంజనేయప్రసాద్ గారు నా వైపు చూడకుండానే, "ప్రపోజల్ కంటే ముందు ప్రేమజ్యోతి ఒక విషయం చెప్తారు" అని కూర్చున్నారు.

నేను నిలబడి మొదటి స్లైడ్ వేశాను. అందులో నలభై ఒకటో పేజీ తప్ప మరేం లేదు. "ఇది తప్పు. రాసింది నేను" అన్నాను. మూడు గాదెల సంగతి చెప్పాను. రెండు వందల పన్నెండు, మూడు వందల నలభై ఒకటి చూపించాను. తర్వాత స్లైడ్ మీద ఈమెయిల్ వేశాను. నా జవాబు పెద్ద అక్షరాల్లో కనబడేలా వేశాను. ఎవరో కుర్చీలో కదిలారు. "తప్పు జోంబాలో పుట్టలేదు. ఈ ఆఫీసులో పుట్టింది. జోంబా దాన్ని మొదటి నెలలోనే పట్టుకుంది. నేను నోరు నొక్కేశాను. ఇప్పుడు మళ్ళీ పట్టుకుంది, దిద్దే దారి కూడా చూపించింది. ఈ జిల్లాకు ఏ కన్సల్టెంట్ వచ్చినా నా పొయ్యి సూత్రంతోనే వస్తాడు. గాదె అడగాలని తెలిసినవాళ్ళు అక్కడ ఉన్నారు. పన్నెండు రోజుల సర్వేకు ఈ రోజే అనుమతి ఇవ్వండి. కేంద్రాన్ని వాళ్ళ చేతికివ్వండి" అని కూర్చున్నాను. ఒక్క మాట కూడా మింగకుండా చెప్పేశాను, దేవుడికి స్తోత్రం.

ఆ తర్వాత తమండాను గంటసేపు ప్రశ్నలు అడిగారు. ఒక్కదానికీ నా వైపు చూడలేదు ఆ పిల్ల. గాదెలు ఖాళీగా ఉంటే ఏం చేస్తారు, ఒకే మనిషికి రెండు గాదెలుంటే ఏం రాస్తారు, జిల్లా ఆఫీసు ఒప్పుకోకపోతే ఏం చేస్తారు. అన్నిటికీ జవాబు ఉంది. తెలియని చోట "తెలియదు, అడిగి చెప్తాను" అంది. మిసెస్ మెక్‌లియడ్ పెన్ను పట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. ఆమె రాసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"సర్వేకు అనుమతి ఇస్తున్నాం. ఈ రోజే" అంది చివరికి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇక కేంద్రం సంగతి. మిస్ ఫిరి, ఒక్క ప్రశ్న. పూర్తి అధికారం మీకిస్తే, ఈ ప్రపోజల్‌లో ఉన్నట్టు ప్రేమజ్యోతిని రెండేళ్ళు మీ సలహాదారుగా పెట్టుకుంటారా?"

నేను నవ్వు సిద్ధం చేసుకున్నాను. అబ్బే, ఎంత పిచ్చిదాన్ని!

తమండా అప్పుడు నా వైపు చూసింది. ఆ కళ్ళలో ప్రేమ ఉంది, దానికి ఒట్టేస్తాను. తర్వాత చైర్‌పర్సన్ వైపు తిరిగింది.

"వద్దు" అంది. "నాకు వచ్చిందంతా ఆమె నేర్పిందే. కానీ ఆమె గదిలో ఉంటే, మా వాళ్ళెవ్వరూ రెండోసారి అడగరు."

ఆంజనేయప్రసాద్ గారు సగం లేచి మళ్ళీ కూర్చున్నారు. జోంబా ఇల్లు, నోవహు మాత్రలు, అన్నీ ఒక్కసారి నా కళ్ళ ముందు తిరిగాయి. ఆ పిల్ల అన్నదాంట్లో అక్షరం కూడా తప్పు లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"ప్రపోజల్ రాసిన ఇద్దరిలో మీరొకరు" అంది మిసెస్ మెక్‌లియడ్ నాతో. "మీరు ఒప్పుకోకుండా ఆ పోస్ట్ తీసేస్తే ప్రపోజల్ మళ్ళీ మొదటికొస్తుంది. ఓటు వసంతకాలానికి పోతుంది. ఏమంటారు?"

అందరూ నా వైపు తిరిగారు. నేను లేచాను.

"ఆ పోస్ట్ కొట్టెయ్యండి" అన్నాను. "కానీ దానికి నాదొక షరతు ఉంది."

తమండా మొహంలో రంగు మారింది. ఆ షరతేమిటో వచ్చే వారం చెప్తాను.